థ్యాకర్ పాస్ లిథియం గని వ్యాసం: ముసాయిదా మీద చర్చ

#1 తంగేడు

అందరికీ నమస్కారం. తెవికీలో (తెలుగు వికీపీడియాలో) పెట్టడానికి థ్యాకర్ పాస్ లిథియం గని వ్యాసం ముసాయిదా నా ప్రయోగశాలలో (చిత్తుప్రతులు రాసుకునే సొంత పేజీలో) సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంలో దించి, వాక్యాలు మార్చి రాశాను. మూడు చోట్ల చిక్కు పడింది: పరిచయం, అంకెలు, 1865 నాటి హత్యాకాండ విభాగం. ముందు పరిచయం చూడండి:

«థ్యాకర్ పాస్ లిథియం గని అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న ప్రపంచంలోనే అతిపెద్ద లిథియం గని. ఇది ఏటా 40,000 టన్నుల లిథియం ఉత్పత్తి చేస్తుంది. ఇక్కడ 2 నుంచి 4 కోట్ల టన్నుల లిథియం నిల్వలు ఉన్నాయని శాస్త్రవేత్తలు వెల్లడించారు. గిరిజనులు, పర్యావరణవేత్తలు ఈ గనిని అడ్డుకుంటున్నారు. దీనికి అమెరికా ప్రభుత్వం 226 కోట్ల డాలర్ల నిధులు మంజూరు చేసింది.»

ప్రతి వాక్యానికీ మూలం ఉంది. అయినా చదువుతుంటే ఎక్కడో తేడాగా ఉంది. మొహమాటపడకుండా చెప్పండి.

#2 నల్లరేగడి

తంగేడు గారూ, మొదటి తేడా క్రియల్లోనే ఉంది. «ఏటా 40,000 టన్నులు ఉత్పత్తి చేస్తుంది» అంటే తెలుగులో రెండు అర్థాలు వస్తాయి. ఇప్పుడు రోజూ జరుగుతున్న పనికీ «చేస్తుంది» అంటాం, రేపు జరగబోయే పనికీ «చేస్తుంది» అంటాం. మూలంలో భవిష్యత్తు స్పష్టంగా ఉంటుంది, మన వాక్యంలోకి వచ్చేసరికి అది కరిగిపోతుంది. చదివినవాళ్ళు గని నడుస్తోందనే అనుకుంటారు.

నిజానికి అక్కడ ఇంకా ఒక్క టన్ను కూడా అమ్మలేదు. 2023లో తొలి పనులు మొదలయ్యాయి. పూర్తి పెట్టుబడి పెడతామన్న తుది నిర్ణయం 2025 ఏప్రిల్ 1న వెలువడింది. మొదటి దశ ప్లాంటు కట్టడం 2027 చివరికి పూర్తి చేయాలన్నది గని చేపట్టిన లిథియం అమెరికాస్ కంపెనీ లక్ష్యం. కాబట్టి «ఏటా 40,000 టన్నులు ఉత్పత్తి చేయాలన్నది మొదటి దశ ప్రణాళిక» అని రాయండి. «ఉన్న గని» బదులు «నిర్మాణంలో ఉన్న గని» అనండి. సమాచారపెట్టెలో ఉత్పత్తి వరుస ఖాళీగా వదిలేయండి. అక్కడ 40,000 వేస్తే «ప్రణాళిక» అన్న మాట పెట్టెలో పట్టదు, అంకె ఒక్కటే మిగులుతుంది. ఇతర వ్యాసాలవాళ్ళు పెట్టెలోంచే ఎత్తుకుంటారు.

నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టుల వ్యాసాలన్నిటిలోనూ ఈ తప్పు దొర్లుతుంది. అందుకే ప్రతి స్థితి వాక్యానికీ «2025 అక్టోబరు నాటికి» అని తేదీ కట్టాలి. «ప్రస్తుతం», «ఇటీవల», «తాజాగా» అన్న మాటలు వ్యాసంలో ఎక్కడ కనబడినా తీసేయండి. ఐదేళ్ళ తర్వాత అవే అబద్ధాలవుతాయి.

#3 ఓసీ_రెండు

అంకెల సంగతి నేను చెబుతాను. ముసాయిదాలో మూడు వేరు వేరు పదార్థాలు «లిథియం» అన్న ఒకే పేరుతో నడుస్తున్నాయి. వాటిని విడదీయకపోతే వ్యాసం మొత్తం తప్పవుతుంది.

40,000 టన్నులన్నది లిథియం లోహం కాదు, బ్యాటరీ నాణ్యత గల లిథియం కార్బొనేట్. ఒక టన్ను లోహం 5.323 టన్నుల కార్బొనేట్‌కు సమానం. అంటే 40,000 టన్నుల కార్బొనేట్‌లో ఉండే లిథియం సుమారు 7,500 టన్నులే. పరిచయంలో «40,000 టన్నుల లిథియం» అంటే ఐదింతలు పెంచి చెప్పినట్టే.

రెండో అంకె దీనికి తలకిందులు. 2 నుంచి 4 కోట్ల టన్నులన్నది 2023లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన పరిశోధన అంచనా. అది లోహం లెక్క. పైగా అది ఈ గనిది కాదు, మెక్‌డెర్మిట్ కాల్డెరా మొత్తానిది. నెవాడా, ఓరెగాన్ సరిహద్దు మీద సుమారు 1.64 కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన పెద్ద గుంట అది. థ్యాకర్ పాస్ దాని దక్షిణపు అంచు. ఊరి చెరువు కింద ఆయకట్టు ఎంతో చెప్పమంటే జిల్లా మొత్తం సాగు లెక్క చెప్పినట్టుంది. ఆ పరిశోధన ముఖ్య రచయిత లిథియం అమెరికాస్ కంపెనీ భూవిజ్ఞాని. అలాగని అంచనా తప్పనడానికి లేదు, సమీక్ష జరిగాకే అచ్చయింది. కానీ «శాస్త్రవేత్తలు వెల్లడించారు» అని ఊరుకుంటే పాఠకుడికి తెలియాల్సిన సంగతి దాచినట్టవుతుంది.

గనికి సంబంధించిన అంకెలు కావాలంటే కంపెనీ సాంకేతిక నివేదికలోంచి తీసుకోవాలి. 2024 చివరి నాటి లెక్కలు ఇవి, అన్నీ కార్బొనేట్‌తో సమానం చేసి చెప్పినవి:

కొలిచిన, సూచిత వనరు: 4.45 కోట్ల టన్నులు, సగటు 2,230 పీపీఎం (పది లక్షల భాగాల మట్టిలో లిథియం ఎన్ని భాగాలో చెప్పే కొలత).
నిరూపిత, సంభావ్య నిల్వ: 1.43 కోట్ల టన్నులు, సగటు 2,540 పీపీఎం.

వనరు వేరు, నిల్వ వేరు. వనరంటే నేలలో ఉందని తేలినది. నిల్వంటే అందులో లాభసాటిగా తవ్వి తీయగలమని లెక్క కట్టినది. మన పత్రికలు రెండిటికీ «నిల్వలు» అనే రాస్తాయి. వికీలో అలా కుదరదు. 2022 నివేదికలో నిల్వ 37 లక్షల టన్నులే, సగటు మాత్రం 3,160 పీపీఎం. రెండేళ్ళలో నిల్వ దాదాపు నాలుగింతలైంది, సగటు పడిపోయింది. కొత్త లోహమేదో పుట్టుకొచ్చిందని కాదు. మరింత డ్రిల్లింగ్ చేశారు, ప్రణాళికను 40 ఏళ్ళ నుంచి 85 ఏళ్ళకు పెంచారు, పలచటి మట్టిని కూడా లెక్కలో చేర్చారు. అంకె రాసిన ప్రతిచోటా ఏ నాటి నివేదికో చెప్పమని పట్టుబట్టేది ఇందుకే.

2,540 పీపీఎం అంటే పాఠకుడికి ఏమీ తెలియదు. «టన్ను మట్టిలో రెండున్నర కిలోల లిథియం» అని పక్కన రాయండి.

#4 తంగేడు

ఓసీ_రెండు గారూ, అంకెలు సరిచేస్తున్నాను. ఒక్క సందేహం. «ప్రపంచంలోనే అతిపెద్ద» అన్నది పూర్తిగా తీసేయాలా? రియాసీ వ్యాసంలోనూ 59 లక్షల టన్నులతో ఇలాంటి మాటే ఉన్నట్టు గుర్తు. పోలిక పెట్టొచ్చా?

#5 ఓసీ_రెండు

పోలిక వద్దండీ. జమ్మూ కాశ్మీర్ రియాసీ అంకెను 2023 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ 59 లక్షల టన్నులు లిథియం ఉన్న ఖనిజం, లిథియం కాదు. అదీ జీ3 దశ, అంటే ప్రాథమిక అన్వేషణలో ఊహించిన వనరు. థ్యాకర్ పాస్‌ది నిరూపిత, సంభావ్య దశ, కార్బొనేట్ లెక్క. వడ్లనూ బియ్యాన్నీ ఒకే తూకంలో వేసి ఎవరిది ఎక్కువో తేల్చలేం.

«అతిపెద్ద» విషయానికొస్తే, దేనిలో అతిపెద్ద? వనరులోనా, నిల్వలోనా, ఉత్పత్తిలోనా? కంపెనీ తన నివేదికలో కొలిచిన వనరు, నిల్వల పరంగా ప్రపంచంలో అతిపెద్దదని చెప్పుకుంది. ఉంచాలనుకుంటే «అని కంపెనీ చెబుతోంది» అని వ్యాసం లోపల ఉంచండి, పరిచయంలో వద్దు.

ప్రక్రియ విభాగంలో పెద్ద తప్పుంది, అది ముందు దిద్దాలి. «ఉప్పునీటిని కుంటల్లో ఆరబెట్టి లిథియం తీస్తారు» అని రాశారు. అది చిలీలోని అటకామాలోనూ, నెవాడాలోనే ఉన్న సిల్వర్ పీక్‌లోనూ చేసే పద్ధతి. థ్యాకర్ పాస్‌లో ఉన్నది బంకమట్టి. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తవ్వుతారు. నీళ్ళలో రాపిడి పెట్టి గట్టి ముక్కలను వేరు చేస్తారు. మిగిలిన బురదను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కలిపి లిథియం కరిగిస్తారు. సున్నపురాయితో ఆమ్లాన్ని విరుస్తారు. వడగట్టిన ద్రావణంలోంచి మెగ్నీషియం సల్ఫేట్‌ను స్ఫటికాలుగా తీసేస్తారు. చివర సోడా యాష్ వేస్తే లిథియం కార్బొనేట్ తెల్లగా అడుగుకు దిగుతుంది.

యాసిడ్‌ను బయటినుంచి తేరు. కరిగిన గంధకాన్ని తెచ్చి అక్కడే కాలుస్తారు. లెక్కకు టన్ను గంధకానికి సుమారు 3 టన్నుల యాసిడ్ వస్తుంది. కాలేటప్పుడు పుట్టే వేడితో ఆవిరి, కరెంటు తీస్తారు. ఆ గంధకం చాలావరకు చమురు శుద్ధి కర్మాగారాల ఉప ఉత్పత్తి. విద్యుత్ వాహనాల కోసం తవ్వే గని చమురు పరిశ్రమ మీద ఆధారపడుతోందన్న విమర్శకు మూలం ఇదే. ప్రక్రియ సరిగా రాస్తే ఆ విమర్శ ఎందుకొచ్చిందో పాఠకుడికి దానంతటదే అర్థమవుతుంది.

ఇంకొకటి. అనువాద పరికరం «టెయిలింగ్స్»ను (లిథియం తీశాక మిగిలే వ్యర్థాన్ని) «టెయిలింగ్ పాండ్» చేసింది. తుమ్మలపల్లె యురేనియం గని వార్తలు చదివిన మనవాళ్ళకు ఆ మాట వినగానే చెరువే కళ్ళముందు కనబడుతుంది. ఇక్కడి ప్రణాళికలో చెరువు లేదు. యాసిడ్ పట్టిన మట్టిని వడగట్టి, నీరు పిండి, అడుగున పొర పరిచిన చోట గుట్టగా పేరుస్తారు. «వడగట్టిన వ్యర్థపు మట్టి గుట్ట» అనండి. ప్రమాదం ఏ రూపంలో రావచ్చన్నది కూడా దీన్నిబట్టే మారుతుంది. చెరువుకైతే కట్ట తెగుతుందన్న భయం. గుట్టకైతే కింద ఊట, పైన దుమ్ము, ఏటవాలు జారడం.

#6 చిత్రావతి

పేర్ల సంగతి. ముసాయిదా నాలుగో విభాగంలో «రెనో-స్పార్క్స్ భారతీయ కాలనీ» అని ఉంది! యంత్రం «ఇండియన్»ను భారతీయుణ్ణి చేసేసింది. ఇది ప్రవాసాంధ్రుల కాలనీ ఏదో అనుకుంటారు. అది పైయూట్, షోషోనీ, వాషో ప్రజల తెగ ప్రభుత్వం. సంస్థ పేరు గనక «రెనో-స్పార్క్స్ ఇండియన్ కాలనీ» అని లిప్యంతరీకరణ చేసి, మొదటిసారి వచ్చినచోట «అమెరికా మూలవాసుల తెగ ప్రభుత్వం» అని వివరించండి.

ఇక «గిరిజనులు గనిని అడ్డుకుంటున్నారు» అన్న వాక్యం రెండు విధాల తప్పు. «గిరిజనులు» మన రాజ్యాంగపు షెడ్యూలు, మన కొండలు గుర్తుచేసే మాట. అక్కడ «మూలవాసులు» నప్పుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. అందరూ ఒకవైపు లేరు. గనికి దగ్గర్లోని ఫోర్ట్ మెక్‌డెర్మిట్ పైయూట్, షోషోనీ తెగ ప్రభుత్వం 2022 అక్టోబరులో కంపెనీతో ప్రయోజనాల ఒప్పందం చేసుకుంది. రెనో-స్పార్క్స్ కాలనీ, బర్న్స్ పైయూట్ తెగ, సమ్మిట్ లేక్ పైయూట్ తెగ కోర్టుకెక్కాయి. «పీపుల్ ఆఫ్ రెడ్ మౌంటెన్» అన్నది తెగ ప్రభుత్వం కాదు, సభ్యుల బృందం. వాళ్ళు మొదటి దావాలో కలిశారు. ఒప్పందం చేసుకున్న తెగలోనూ గనిని వ్యతిరేకించేవాళ్ళున్నారు. అందరినీ ఒకే మాటలో కలిపితే వీళ్ళలో ఏ ఒక్కరూ నిజంగా కనబడరు.

కోర్టుల విభాగాన్ని తేదీల వరుసలో తిరిగి రాయండి:

2021 జనవరి 15: బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ (అమెరికా ప్రభుత్వ భూములు చూసే సంస్థ) అనుమతి. అదే రోజు నిరసన శిబిరం మొదలు.
2021 ఫిబ్రవరి: ఒక పశుపాలకుడి దావా, తర్వాత వెస్ట్రన్ వాటర్‌షెడ్స్ ప్రాజెక్ట్, గ్రేట్ బేసిన్ రిసోర్స్ వాచ్ తదితర సంస్థల దావా.
2023 ఫిబ్రవరి 6: జిల్లా జడ్జి మిరాండా డు తీర్పు.
2023 జులై 17: తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ఫిబ్రవరి 6 తీర్పును ముసాయిదా «కోర్టు కొట్టివేసింది» అని తేల్చేసింది. ఏది కొట్టేసింది? అనుమతినా, దావానా? తెలుగులో ఈ మాట చాలా ప్రమాదం. తీర్పులో ఎక్కువ అంశాల్లో ప్రభుత్వమే గెలిచింది. కానీ వ్యర్థ శిలలు పోసే సుమారు 1,300 ఎకరాల మీద కంపెనీకి 1872 గనుల చట్టం ప్రకారం చెల్లే హక్కు ఉందో లేదో బ్యూరో తేల్చలేదని కోర్టు అంది. అనుమతిని రద్దు చేయకుండానే ఆ ఒక్క అంశాన్ని తిరిగి పరిశీలించమని పంపింది. ఈ రెండు వాక్యాలూ ఉండాలి. ఒక్కటే రాస్తే ఏదో ఒక పక్షపు కరపత్రమవుతుంది.

#7 పాతకాపు

1865 విభాగం చదివాను. తంగేడు గారు రాసింది: «1865 సెప్టెంబరు 12న ఇక్కడ జరిగిన ఘటనలో 31 మంది పైయూట్లు మరణించారు.»

ఈ వాక్యంలో చంపినవాళ్ళు లేరు. ఏదో వరద వచ్చి పోయారన్నట్టుంది. «మొదటి నెవాడా అశ్వికదళ సైనికులు కనీసం 31 మంది పైయూట్లను చంపారు» అని రాయాలి. మూలాలు చెప్పేది అదే. కర్త తెలిసినప్పుడు కర్తను చెప్పడం పక్షపాతం కాదు. «కనీసం» అన్న మాట కూడా వదలకూడదు, అంతకంటే ఎక్కువమంది అయివుండొచ్చన్నది మూలాల్లోనే ఉంది.

రెండో చిక్కు «ఇక్కడ» అన్న మాటలో ఉంది. హత్యాకాండ జరిగిందన్న విషయంలో వివాదం లేదు. ఎక్కడ జరిగింది, ప్రాజెక్టు హద్దుల లోపలా వెలుపలా అన్నదే వివాదం. మూలవాసులు ఆనాటి పత్రికా కథనాలనూ, 1868 నాటి ప్రభుత్వ సర్వే నోట్సునూ ఆధారంగా చూపారు. పురావస్తు తవ్వకాలు ఆపించడానికి అవి చాలవని 2021లో జిల్లా కోర్టు అంది. «చాలవు» అంటే «జరగలేదు» అని కాదు. ఈ తేడా వాక్యంలో కనబడాలి.

పైయూట్ పేరు «పీహీ ముహ» మొదటి వాక్యంలోనే ఉండాలి. కుళ్ళిన చంద్రుడు అని దాని అర్థమట. కనుమ నెలవంక ఆకారంలో ఉంటుంది. వేటకు వెళ్ళిన మగవాళ్ళు తిరిగొచ్చేసరికి తమవాళ్ళ శవాలు కుళ్ళి కనబడ్డాయని వాళ్ళ మౌఖిక చరిత్ర. ఇది 1865 కంటే ముందు మరో తెగ చేసిన దాడి కథ. ముసాయిదాలో రెండు దాడులనూ కలిపేసి, పేరు 1865 నుంచి వచ్చినట్టు రాశారు. విడదీయండి.

#8 నల్లరేగడి

పాతకాపు గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. స్థలం పేరు «పీహీ ముహ» కనుమది. మన వ్యాసం గనిది. మొదటి వాక్యంలో పెడితే అది గని పేరన్నట్టు అవుతుంది. «పైయూట్ భాషలో పీహీ ముహ అని పిలిచే కనుమలో» అని రెండో వాక్యంలో పెడదాం. హత్యాకాండ ప్రస్తావన పరిచయంలో ఉండాలా అంటే, ఉండాలి. ఈ గని మీద పోరాటం ఇంతగా నడవడానికి సగం కారణం అదే.

#9 పాతకాపు

ఒప్పుకుంటాను. కనుమకు వేరే వ్యాసం వచ్చిన రోజున అక్కడ మొదటి వాక్యంలో పెడదాం.

#10 రేపల్లె_వాలు

నీటి విభాగం చూశాను. «ఏటా 2,600 ఎకరా-అడుగులు» అని వదిలేశారు. మన పాఠకుడికి టీఎంసీల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది. లెక్క కట్టాను: ఒక ఎకరా-అడుగు 1,233.5 ఘనమీటర్లు. 2,600కు సుమారు 32 లక్షల ఘనమీటర్లు, అంటే 0.11 టీఎంసీ. రెండో దశలో 5,200 అనుకుంటే 0.23 టీఎంసీ. ఇది 2020 పర్యావరణ ప్రభావ నివేదిక లెక్క.

ఆ అంకె పక్కన «నాగార్జునసాగర్ నీటితో పోలిస్తే చాలా స్వల్పం» అని ముసాయిదాలో ఎవరో చేర్చారు. పేజీ మార్పుల చరిత్రలో చూస్తే ఐపీ అడ్రసు, అంటే ఖాతా లేకుండా రాసినవాళ్ళు. అది తీసేయాలి. మూలం లేని పోలిక, పైగా తప్పుదారి పట్టించేది. కృష్ణా నది పక్కన కూర్చుని ఎడారి లోయ భూగర్భజలాన్ని కొలవకూడదు. క్విన్ నది లోయలో పశుగ్రాసం పండించేదీ, పశువులు తాగేదీ ఆ బోరు నీళ్ళే. కంపెనీ కొత్త నీటి హక్కు అడగలేదు, సాగుకున్న హక్కులు కొని మార్పించుకుంది. కాబట్టి «అదనంగా తోడేది లేదు» అని కంపెనీ అంటుంది. సాగు నీళ్ళలో కొంత మళ్ళీ భూమిలో ఇంకుతుంది, గని నీళ్ళు ఇంకవు, తోడే చోటూ లోతూ మారితే ఊటలు తగ్గుతాయి అని వ్యతిరేకులు అంటారు. పోలిక కావాలంటే ఆ లోయలో సాగుకు తోడే నీటితోనే పోల్చాలి, అదీ మూలంలో ఉంటేనే.

జీవజాలం పేరాలో టీమ్స్ బక్‌వీట్ అనే పువ్వు మొక్క ఉంది. అది ఇక్కడిది కాదు! నెవాడాలోనే ఉన్న రయొలైట్ రిడ్జ్ అనే మరో లిథియం ప్రాజెక్టుది. 2022 డిసెంబరులో అంతరించిపోయే జాతుల జాబితాలో చేరింది. థ్యాకర్ పాస్ వివాదంలో వినబడేవి సేజ్ గ్రౌస్ పక్షి, లాహోంటన్ కట్‌థ్రోట్ ట్రౌట్ చేప, కింగ్స్ రివర్ పిర్గ్ అనే చిన్న ఊటనత్త. «నెవాడా లిథియం గని» అని వెతికితే రెండు ప్రాజెక్టుల వార్తలూ కలిసే వస్తాయి. మూలం శీర్షిక చదివి ఊరుకోకుండా ఏ కౌంటీయో చూడండి. థ్యాకర్ పాస్ హంబోల్ట్ కౌంటీలో ఉంది, రయొలైట్ రిడ్జ్ ఎస్మరాల్డాలో.

#11 చిత్రావతి

డబ్బు దగ్గర కూడా ఇంతే గందరగోళం. «226 కోట్ల డాలర్ల నిధులు మంజూరు» అన్నారు. అది అప్పు. 2024 మార్చిలో ఇంధన శాఖ షరతులతో హామీ ఇచ్చింది, అక్టోబరు 28న అప్పు ఒప్పందం ముగిసింది. అందులో అసలు 197 కోట్లు, నిర్మాణ కాలపు వడ్డీ 29 కోట్లు. «నిధులు» అంటే తిరిగివ్వక్కర్లేని గ్రాంటు అనుకుంటారు.

జనరల్ మోటార్స్ పేరాలో 65 కోట్లు, 62.5 కోట్లు కలిపి 127.5 కోట్లు అని కూడిక వేశారు. అది తప్పు. 2023 జనవరిలో ప్రకటించిన 65 కోట్లలో 32 కోట్లు మొదటి విడతగా వచ్చాయి. రెండో విడత స్థానంలోనే 2024 అక్టోబరులో 62.5 కోట్లతో ఉమ్మడి సంస్థ ఒప్పందం కుదిరింది. జీఎంకు 38 శాతం, లిథియం అమెరికాస్‌కు 62 శాతం. అందులోనూ 19.5 కోట్లు నగదు కాదు, లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు హామీపత్రం).

2025 శరదృతువులో అప్పు షరతులు మార్చుకున్నప్పుడు ఇంధన శాఖకు కంపెనీలో 5 శాతం, ఉమ్మడి సంస్థలో 5 శాతం వాటా దక్కేలా వారెంట్లు (ముందే కుదిరిన ధరకు తర్వాత వాటా తీసుకునే హక్కు) ఇచ్చారు. అనుమతి ఇచ్చినదీ, అప్పు ఇచ్చినదీ, వాటా తీసుకున్నదీ అమెరికా ప్రభుత్వమే. శాఖలు వేరైనా ఈ మూడూ ఒకే విభాగంలో వరుసగా రాయండి, వ్యాఖ్య అక్కర్లేదు.

బిలియన్లు, మిలియన్లు మన వ్యాసంలో వద్దు. బిలియన్‌కు వంద కోట్లు, మిలియన్‌కు పది లక్షలు. మొదటి దశ ఖర్చు 2.93 బిలియన్‌ను ముసాయిదాలో 29.3 కోట్లు చేశారు. 293 కోట్ల డాలర్లు కావాలి. రూపాయల్లోకి మార్చకండి, రేటు మారితే అంకె చచ్చిపోతుంది.

#12 నల్లరేగడి

మళ్ళీ క్రియల దగ్గరికే వస్తాను, ఎందుకంటే మన పత్రికా తెలుగులో తటస్థత అక్కడే జారిపోతుంది. ముసాయిదాలో «కంపెనీ» ఎక్కడ ఉంటే అక్కడ «వెల్లడించింది», «స్పష్టం చేసింది», «తెలిపింది». వ్యతిరేకులు ఎక్కడ ఉంటే అక్కడ «ఆరోపించారు», «ఆందోళన చేశారు», «అడ్డుకున్నారు». వెల్లడించడమంటే ఉన్న నిజాన్ని బయటపెట్టడం. ఆరోపించడమంటే రుజువు లేకుండా అనడం. విశేషణం ఒక్కటీ వాడకుండానే తీర్పు చెప్పేశాం.

రెండు పక్షాలకూ «అంది», «చెప్పింది», «వాదించింది» వాడండి. కోర్టులో అన్నదైతే «వాదించింది», నివేదికలోదైతే «పేర్కొంది». వెతికి మార్చే పెట్టెలో «వెల్లడిం», «ఆరోపిం», «స్పష్టం» అని ఒక్కొక్కటే కొట్టి చూడండి, గుడ్డిగా అన్నీ ఒకేసారి మార్చకండి. కోర్టు «స్పష్టం చేసింది» అన్నచోట అది సరైన మాటే కావచ్చు. «తెల్ల బంగారం», «హరిత విప్లవం», «పచ్చని ముసుగు» మూడూ తీసేయండి.

«విమర్శలు» అని వేరే విభాగం కూడా వద్దు. నీటి మీద విమర్శ నీటి విభాగంలో, సంప్రదింపుల మీద విమర్శ అనుమతుల విభాగంలో ఉండాలి. 2025 ఫిబ్రవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్, ఏసీఎల్‌యూ అనే హక్కుల సంస్థలు ఇచ్చిన నివేదిక మూలవాసులతో సంప్రదింపులు సరిగా జరగలేదంది. దాన్ని చివర్లో తోసేయకుండా, 2021 అనుమతి పక్కన పెట్టండి, బ్యూరో తాము చట్టం ప్రకారం ఉత్తరాలు పంపామని చెప్పిన మాటతో పాటు.

#13 పాతకాపు

ప్రచురించే ముందు చూసుకోవాల్సినవి.

బొమ్మ: ముసాయిదాలో నీలం, ఆకుపచ్చ కుంటల ఫొటో ఉంది. అవి ఉప్పునీటి ఆరబెట్టు కుంటలు. ఓసీ_రెండు గారు చెప్పినట్టు ఇక్కడ కుంటలే లేవు. కామన్స్‌లో (వికీ ఉచిత ఫొటోల భండారంలో) కనుమ ఫొటో దొరికితే పెట్టండి, తీసిన ఏడాది కింద రాయండి. 2021 నాటి సేజ్ పొదల మైదానమూ, నిర్మాణం మొదలయ్యాక తీసినదీ ఒకటి కావు.

అక్షాంశ రేఖాంశాలు: 41.7 ఉత్తరం, 118 పశ్చిమం దగ్గర. రేఖాంశానికి మైనస్ గుర్తు పడలేదు. పటంలో గని చైనాలో తేలుతోంది. వికీడేటా (అన్ని భాషల వికీలకూ ఉమ్మడి సమాచార భండారం) అంశానికి కలిపితే పెట్టె దానంతటదే సరైన విలువ తెచ్చుకుంటుంది. వికీడేటాలో గని, కనుమ వేరు వేరు అంశాలేమో చూసి, గనికే అంతర్వికీ లింకు (ఇతర భాషల వ్యాసాలకు లింకు) ఇవ్వండి.

దిద్దుబాటు సారాంశం: ఇంగ్లీషు వ్యాసం నుంచి అనువాదం అని, ఆ వ్యాసం లింకుతో మొదటి దిద్దుబాటులోనే రాయాలి. లైసెన్సు ప్రకారం అసలు రచయితలకు గుర్తింపు ఇవ్వడం తప్పనిసరి. ప్రయోగశాల నుంచి కాపీ చేసి అతికించకండి, పేజీని తరలించండి. అప్పుడే చరిత్ర వెంట వస్తుంది.

శీర్షిక: «థ్యాకర్ పాస్ లిథియం గని». «థాకర్ పాస్» అని వెతికేవాళ్ళ కోసం దారిమార్పు పెట్టండి.

మూలాలు: ఇంగ్లీషు వ్యాసంలో ఉన్న మూలాన్ని తెరిచి చదవకుండా మన వ్యాసంలోకి మోసుకురావద్దు. చెప్పిన విషయం ఆ పేజీలో లేకపోతే ఆ తప్పుకు ఇప్పుడు మనమూ బాధ్యులమే. నివేదికలు వందల పేజీలుంటాయి, పేజీ సంఖ్య వేయండి. కంపెనీ ప్రకటనల లింకులు తరచుగా మారతాయి, ఆర్కైవు లింకు ఇప్పుడే తీసుకోండి. కంపెనీ ప్రకటన కంపెనీ ఏమందో చెప్పడానికి పనికొస్తుంది. నిరసన సంఘం వెబ్‌సైటు ఆ సంఘం ఏమందో చెప్పడానికి పనికొస్తుంది. నీళ్ళు తగ్గుతాయా లేదా అన్నదానికి రెండూ చాలవు.

#14 తంగేడు

అందరికీ ధన్యవాదాలు. రాత్రంతా పట్టినా ప్రతి మూలం మళ్ళీ తెరిచి చూశాను. పరిచయం ఇలా మారింది:

«థ్యాకర్ పాస్ లిథియం గని అమెరికాలోని నెవాడా రాష్ట్రం, హంబోల్ట్ కౌంటీలో నిర్మాణంలో ఉన్న ఓపెన్‌కాస్ట్ గని (2025 అక్టోబరు నాటికి). పైయూట్ భాషలో పీహీ ముహ అని పిలిచే కనుమలో, మెక్‌డెర్మిట్ కాల్డెరా దక్షిణపు అంచున, లిథియం ఉన్న బంకమట్టిని తవ్వి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో శుద్ధి చేయాలన్నది ప్రణాళిక. మొదటి దశ లక్ష్యం ఏటా 40,000 టన్నుల లిథియం కార్బొనేట్. లిథియం అమెరికాస్, జనరల్ మోటార్స్ ఉమ్మడి సంస్థ దీన్ని కడుతోంది. అమెరికా ఇంధన శాఖ 226 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2021లో ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని ఒక పశుపాలకుడు, పర్యావరణ సంస్థలు, కొన్ని మూలవాసుల తెగ ప్రభుత్వాలు కోర్టులో సవాలు చేశాయి. ఫోర్ట్ మెక్‌డెర్మిట్ తెగ ప్రభుత్వం 2022లో కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 1865లో అమెరికా సైనికులు కనీసం 31 మంది పైయూట్లను చంపిన చోటు ఈ ప్రాంతంలోనే ఉందని గనిని వ్యతిరేకిస్తున్న మూలవాసులు చెబుతున్నారు. 2023లో అప్పీలు కోర్టు అనుమతిని సమర్థించింది.»

#15 చిత్రావతి

బాగా వచ్చింది. ఒక్కటి: తెగ ప్రభుత్వాలు 2021లో విడిగా దావా వేయలేదు, నడుస్తున్న దావాలో చేరాయి. విడి దావా 2023 ఫిబ్రవరిలో వచ్చింది. పరిచయంలో ఇప్పుడున్న వాక్యం సరిపోతుంది, లోపల విభాగంలో ఈ తేడా రాయండి.

#16 ఓసీ_రెండు

«226 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది» అన్నది సరైన మాట. మొత్తం ఒకేసారి చేతికి రాదు. పని జరిగినకొద్దీ విడతలుగా తీసుకుంటారు. 2025 అక్టోబరు ప్రకటనలో మొదటి విడత 43.5 కోట్లు. విడత విడుదలైనప్పుడల్లా లోపలి విభాగంలో తేదీతో చేర్చండి, పరిచయం ముట్టుకోకండి.

#17 రేపల్లె_వాలు

వ్యాసాన్ని నా వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను. సాగర్ పోలిక తీసేశాక అదే ఐపీ నుంచి మళ్ళీ చేర్చారు. వెంటనే తిరగ్గొట్టి ఊరుకోలేదు. చర్చా పేజీలో కారణం రాసి, మూలం చూపిస్తే లోయ సాగునీటితో పోలిక కలిసి రాద్దామని ఆహ్వానించాను. మూడోసారి కూడా మూలం లేకుండా చేరిస్తే నిర్వాహకుల నోటీసుబోర్డులో పెడతాను. అప్పటిదాకా ఎవరూ దిద్దుబాటు యుద్ధానికి దిగవద్దు.

#18 తంగేడు

సరే. 2023 ఫిబ్రవరి దావా సంగతి, మొదటి విడత సంగతి లోపల చేర్చాను. పేజీ తరలించాను, మైనస్ గుర్తు కూడా పెట్టాను. గని ఇప్పుడు నెవాడాలోనే ఉంది. కనుమ వ్యాసం, మెక్‌డెర్మిట్ కాల్డెరా వ్యాసం రెండూ ఎర్ర లింకులుగా ఉన్నాయి, అంటే ఆ పేజీలు ఇంకా లేవు. కాల్డెరా ఓసీ_రెండు గారు తీసుకుంటారా?

#19 ఓసీ_రెండు

తీసుకుంటాను. ఆ 2 నుంచి 4 కోట్ల టన్నుల అంకె ఉండాల్సింది అక్కడే.